ప్రపంచాధిపత్యం యుద్ధం లేకుండా చేతులు మారుతుందా?

16 సందర్భాల లెక్కను, సోవియట్ యూనియన్ ఉదాహరణను ప్రస్తావిస్తూ, ప్రపంచాధిపత్యం యుద్ధం లేకుండా చేతులు మారుతుందా, ఇకమీదట ఏమి గమనించాలి అని మీరు అడిగారు. అది ఒక ప్రశ్నలా కనిపించినా అందులో రెండు ఉన్నాయి. పోటీపడే దేశాల మధ్య ప్రపంచాధిపత్యం యుద్ధం లేకుండా ఎప్పుడైనా చేతులు మారిందా అన్నది మొదటిది. అమెరికా, చైనాల మధ్య అలా జరిగే వీలుందా అన్నది రెండోది. మొదటిదానికి నా సమాధానం: మారింది, కానీ ఆ మార్పు ఎందుకు శాంతియుతంగా జరిగిందో సాధారణంగా చెప్పే కారణాలు సరైనవి కావు. ఆ కారణాలను సరిచూసుకుంటే తప్ప రెండో ప్రశ్నకు పనికివచ్చే సమాధానం దొరకదు కాబట్టి, చరిత్ర దగ్గరే కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

గత 500 ఏళ్ళలో ఎదుగుతున్న దేశం పాత అగ్రరాజ్యాన్ని సవాలు చేసిన సందర్భాలు 16 ఉన్నాయని, వాటిలో 12 యుద్ధంతో ముగిశాయని మీరు ఉటంకించిన లెక్క ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. ఆ లెక్క మీద నాకు పెద్దగా గురి లేదు. యుద్ధం లేకుండా గడిచిన నాలుగింటిలో 15వ శతాబ్దం చివర పోర్చుగల్, స్పెయిన్ సముద్రాలను పంచుకోవడం ఒకటి, అణ్వాయుధాలు చేతిలో పెట్టుకున్న అమెరికా, సోవియట్ యూనియన్‌ల పోటీ మరొకటి. ఇంత వేరువేరు సంగతులను ఒకే గాటన కట్టి, శాతం తీసి, దానితో రేపటి సంభావ్యతను చెప్పడం కుదరదు. సందర్భాలను ఎంచుకునే పద్ధతి కాస్త మారినా ఆ శాతం మారిపోతుంది. అందువల్ల శాతాలను పక్కనబెట్టి, పక్కపక్కనే జరిగి భిన్నంగా ముగిసిన రెండు సందర్భాలను పోల్చడం మేలని నా అభిప్రాయం. 1895 తర్వాతి ఇరవై ఏళ్ళలో బ్రిటన్‌కు ఒకేసారి ఇద్దరు సవాలుదారులు ఎదురయ్యారు: అమెరికా, జర్మనీ. ఒకరికి దారి ఇచ్చింది, మరొకరితో యుద్ధం చేసింది. ఎందుకు?

బ్రిటిష్ గయానాకు, వెనిజులాకు మధ్య సరిహద్దు తగాదా చాలాకాలంగా నలుగుతూ ఉండేది. 1895 జులైలో అమెరికా విదేశాంగ మంత్రి రిచర్డ్ ఓల్నీ, ఈ ఖండంలో తమ మాటే చెల్లుతుందన్న ధోరణిలో, ఈ తగాదాను మధ్యవర్తిత్వానికి అప్పగించాలని బ్రిటన్‌కు లేఖ పంపాడు. ప్రధానమంత్రి శాలిస్‌బరీ నెలల తరబడి జవాబే ఇవ్వలేదు. ఇచ్చిన జవాబులో అమెరికాకు ఇందులో జోక్యం చేసుకునే హక్కు లేదని తేల్చిచెప్పాడు. డిసెంబరు 17న అధ్యక్షుడు క్లీవ్‌లాండ్, సరిహద్దును తామే నిర్ణయించి, దాన్ని అన్ని విధాలా నిలబెడతామని అమెరికా కాంగ్రెస్‌కు సందేశం పంపాడు. అప్పటికి అమెరికా దగ్గరున్న ఆధునిక యుద్ధనౌకలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. బ్రిటన్ తలచుకుంటే ఆ నౌకాదళాన్ని తేలికగా ముంచివేయగలిగి ఉండేది. ఈ అంశం ముఖ్యమైనది, ఎందుకంటే బ్రిటన్ తగ్గింది ఓడిపోతానన్న భయంతో కాదు.

ఆ తర్వాత మూడు వారాలైనా గడవకముందే, 1896 జనవరి మొదట్లో, జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్ దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు క్రూగర్‌కు అభినందన తంతి పంపాడు. బ్రిటిష్ అధీనంలోని భూభాగం నుంచి జేమ్సన్ నడిపిన దాడిని బోయర్లు (అక్కడి డచ్ సంతతివారు) తిప్పికొట్టినందుకు ఆ అభినందన. లండన్‌లో ఆగ్రహమంతా ఒక్కసారిగా జర్మనీ వైపు మళ్ళింది. శాలిస్‌బరీ పట్టుదలను ఆయన మంత్రివర్గమే బలపరచలేదు. బ్రిటన్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1899లో వచ్చిన తీర్పు వివాదాస్పద భూమిలో అధికభాగాన్ని బ్రిటన్‌కే కట్టబెట్టింది. అంటే భూమి బ్రిటన్‌కు దక్కింది, ఆ ప్రాంతంలో పెద్దరికం అమెరికాకు దక్కింది.

అక్కడినుంచి వరుసగా పట్టువిడుపులు జరిగాయి. మధ్య అమెరికాలో సముద్రాలను కలిపే కాలువ మీద ఏ ఒక్కరికీ ప్రత్యేక అధికారం ఉండరాదన్న 1850 నాటి ఒప్పందాన్ని 1901లో బ్రిటన్ వదులుకుని, కాలువను తవ్వి తన అధీనంలో ఉంచుకునే హక్కును అమెరికాకు విడిచిపెట్టింది. 1903లో అలాస్కా సరిహద్దు మీద ఆరుగురు సభ్యుల ట్రిబ్యునల్ కూర్చున్నప్పుడు, బ్రిటన్ తరఫున వచ్చిన న్యాయమూర్తి ఆల్వర్‌స్టోన్ ముఖ్యమైన అంశాలలో అమెరికన్లతో కలిసి ఓటు వేశాడు. ఇద్దరు కెనడా సభ్యులు ఆ తీర్పు మీద సంతకం చేయడానికి నిరాకరించారు. 1904, 1905 సంవత్సరాలలో నౌకాదళాధిపతి ఫిషర్ బ్రిటిష్ నౌకాదళాన్ని పునర్వ్యవస్థీకరించి, దూర జలాలలోని నౌకలను స్వదేశం చుట్టూ మోహరించినప్పుడు, కరీబియన్ ఆచరణలో అమెరికాకు అప్పగించినట్లయింది. అంతకుముందే నౌకాదళ మంత్రి సెల్‌బోర్న్, అమెరికన్లు తలచుకుంటే బ్రిటన్‌ను మించిన నౌకాదళాన్ని కట్టగలరని గ్రహించి, వారితో పోటీ నిరర్థకమన్న నిర్ణయానికి వచ్చాడు.

ఇక్కడ చాలామంది ఒక సులభమైన వివరణ ఇస్తారు: ఇద్దరిదీ ఒకే భాష, ఒకే సంస్కృతి, ఇద్దరివీ ప్రజాస్వామ్యాలు, అందుకే కొట్టుకోలేదు. ఈ వివరణ నాకు ఎప్పుడూ నచ్చలేదు. అదే భాష మాట్లాడే ఈ ఇద్దరూ 1775లో ఒకసారి, 1812లో మరొకసారి యుద్ధం చేసుకున్నారు. 1861లో ట్రెంట్ అనే నౌక వ్యవహారంలో మూడోదానికి అంచుదాకా వెళ్ళారు. మరోవైపు జర్మన్ చక్రవర్తి స్వయంగా విక్టోరియా రాణి మనవడు. బంధుత్వం ఆపదు, భాష ఆపదు. వాణిజ్యం సంగతీ అంతే. 1914కు ముందు బ్రిటన్, జర్మనీ ఒకదానికొకటి అతి పెద్ద వ్యాపార భాగస్వాములలో ఉండేవి. పైగా ఆధిపత్యం మారుతున్న కాలమంతా బ్రిటన్, అమెరికాల మధ్య స్నేహం వెల్లివిరిసిందనుకోవడం కూడా పొరపాటే. 1927 జెనీవా నౌకాదళ సమావేశం క్రూయిజర్లనే యుద్ధనౌకల విషయంలో వీరిద్దరి తగాదాతోనే విఫలమైంది. బ్రిటన్‌తో యుద్ధం వస్తే ఎలా పోరాడాలో అమెరికా సైనికాధికారులు 'రెడ్' అనే పేరుతో ప్రణాళిక కూడా సిద్ధం చేసుకున్నారు.

అసలు తేడా అడిగినదానిలో ఉంది. అమెరికా అడిగినది కరీబియన్, కాలువ, పశ్చిమార్ధగోళంలో పెద్దరికం. వీటిని వదులుకున్నా బ్రిటన్‌కు తలవంపులే తప్ప ప్రాణాపాయం లేదు. జర్మనీ 1898, 1900 నౌకాదళ చట్టాలతో కట్టడం మొదలుపెట్టిన నౌకాదళం మాత్రం ఉత్తర సముద్రంలో, బ్రిటన్ ముంగిట ఉండబోయే నౌకాదళం. తినే ధాన్యంలో అధికభాగాన్ని సముద్రం మీదుగా తెచ్చుకునే దీవికి ఆ జలాల మీద పట్టు పోతే మిగిలేది ఆకలే. జర్మనీకి అప్పటికే ఖండంలోకెల్లా బలమైన సైన్యం ఉంది. దానికి సమాన నౌకాదళం తోడైతే బ్రిటన్ బతుకు బెర్లిన్ దయ మీద ఆధారపడుతుంది. 1912లో బ్రిటిష్ మంత్రి హాల్డేన్ బెర్లిన్ వెళ్ళి రాజీకి ప్రయత్నించినప్పుడు, నౌకల సంఖ్య తగ్గించుకోవడానికి బదులుగా జర్మనీ కోరినది ఐరోపా యుద్ధంలో బ్రిటన్ తటస్థంగా ఉంటానన్న హామీ. అది ఇవ్వగలిగిన వస్తువు కాదు.

కాబట్టి నేను చూసేది ఒక్కటే: ఎదుగుతున్న దేశం కోరుతున్నదాన్ని ఇచ్చిన తర్వాత పాత అగ్రరాజ్యం క్షేమంగా బతకగలదా? బతకగలిగితే బేరానికి తావుంటుంది. లేకపోతే ఎంత మర్యాదస్తులైన దౌత్యవేత్తలు కూర్చున్నా వాయిదాలే తప్ప పరిష్కారం రాదు. దీనికి రెండు షరతులు తోడవుతాయి. మొదటిది, ఇచ్చేవాడు ఇంకా బలంగా ఉండగానే ఇవ్వాలి. బలం పోయాక ఇచ్చేదానికి బేరంలో విలువ ఉండదు. రెండోది, పుచ్చుకున్నవాడు అక్కడితో ఆగాలి. అమెరికా కరీబియన్ దక్కాక ఐర్లండ్‌ను అడగలేదు. 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతమైన సుడేటన్‌లాండ్‌ను పుచ్చుకున్న హిట్లర్ 1939 మార్చిలో ఆ దేశ రాజధాని ప్రాగ్‌కే వచ్చాడు. రాజీ అన్న మాట వినగానే మ్యూనిక్‌ను ఎత్తిచూపేవారికి నేను చెప్పేది ఇదే: అక్కడ తప్పు ఇవ్వడంలోనే కాదు, ఎవరికి ఇస్తున్నారో చూసుకోకపోవడంలో ఉంది. అయితే ఎదుటివాడు ఆగుతాడో లేదో ముందుగా తెలుసుకునే నమ్మకమైన సాధనం ఏదీ లేదన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే.

'శాంతియుతం' అని మనం పిలిచే ఆ బేరానికి ఎవరు మూల్యం చెల్లించారో కూడా చూడాలి. వెనిజులా సరిహద్దు తేల్చిన ట్రిబ్యునల్‌లో వెనిజులా పౌరుడు ఒక్కడూ సభ్యుడు కాదు. దాని పక్షాన అమెరికన్ న్యాయమూర్తులు కూర్చున్నారు. ఆ తీర్పును వెనిజులా తర్వాత తిరస్కరించింది. ఆ వివాదాస్పద భూమి అయిన ఎసెకీబో ప్రాంతం మీద తగాదాను గయానా (నాటి బ్రిటిష్ గయానా) 2018లో అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకువెళ్ళింది. 2023 డిసెంబరులో వెనిజులా అదే ప్రాంతం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. కాలువ కోసం 1903లో కొలంబియా నుంచి పనామా విడిపోవడానికి అమెరికా యుద్ధనౌకలు అండగా నిలిచాయి. 1905లో అమెరికా, జపాన్ ప్రతినిధులు టాఫ్ట్, కాత్సురా టోక్యోలో మాట్లాడుకున్నప్పుడు, కొరియాలో జపాన్ ఆధిక్యానికి అమెరికా అభ్యంతరం చెప్పలేదు, ఫిలిప్పీన్స్ మీద తనకు ఆశ లేదని జపాన్ చెప్పింది. కొరియన్లను ఎవరూ అడగలేదు. పెద్దల మధ్య శాంతికి చిన్నదేశాల నుంచి వసూలు చేయడం ఈ చరిత్రలో మినహాయింపు కాదు, దాదాపు నియమం.

ఇంకొక సవరణ కూడా అవసరం. బ్రిటన్, అమెరికాలు పరస్పరం యుద్ధం చేయలేదు నిజమే, కానీ ఆధిపత్యం పూర్తిగా చేతులు మారినది రెండు ప్రపంచ యుద్ధాల నడుమ. 1940లో బ్రిటన్ 50 పాత డిస్ట్రాయర్ యుద్ధనౌకల కోసం తన అట్లాంటిక్, కరీబియన్ స్థావరాలను 99 ఏళ్ళ లీజుకు ఇచ్చింది. 1946లో అమెరికా నుంచి తీసుకున్న 375 కోట్ల డాలర్ల అప్పు 2006 చివరిదాకా తీరలేదు. అధికార మార్పిడికి ఒక తేదీ చెప్పమంటే నేను 1947 ఫిబ్రవరి 21 చెబుతాను. గ్రీస్‌కు, టర్కీకి ఇకమీదట సహాయం చేసే స్తోమతు తమకు లేదని ఆ రోజు బ్రిటన్ అమెరికాకు లిఖితపూర్వకంగా తెలిపింది. మూడు వారాలకు ట్రూమన్ ఆ రెండు దేశాల కోసం 40 కోట్ల డాలర్లు అడుగుతూ కాంగ్రెస్ ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా కొత్త పెద్దమనిషి మెత్తగా ప్రవర్తించలేదు. 1956 నవంబరులో, ఈజిప్టులోని సూయెజ్ కాలువ ప్రాంతంలో దిగిన బ్రిటిష్ సేనలు వెనక్కు వెళ్ళేదాకా అంతర్జాతీయ ద్రవ్యనిధి డబ్బు అందకుండా అమెరికా అడ్డుపడింది. పౌండు విలువ కాపాడుకోలేక బ్రిటన్ దిగివచ్చింది. తుపాకి పేలకపోవడం వేరు, బలప్రయోగం లేకపోవడం వేరు.

సోవియట్ యూనియన్ ఉదాహరణ కూడా మీరు ప్రస్తావించారు. అది ఆధిపత్యం చేతులు మారడం కాదు, పోటీదారులలో ఒకరు బరినుంచి తప్పుకోవడం. అయినా అందులో నేర్చుకోవలసినది ఉంది. 1988 డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితిలో గోర్బచెవ్ తమ సైన్యాన్ని 5 లక్షలు తగ్గిస్తామని ప్రకటించాడు. 1990 సెప్టెంబరు 12న మాస్కోలో కుదిరిన ఒప్పందంతో ఏకమైన జర్మనీ తన సైన్యాన్ని 3,70,000కు పరిమితం చేసుకుంది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయింది. అణ్వాయుధాలున్న రాజ్యం దండయాత్రకు భయపడనక్కరలేదు కాబట్టే అంత భూమిని, అంత ప్రభావ పరిధిని వదులుకోగలిగిందని నేననుకుంటాను. 1945కు ముందు ఏ రష్యన్ పాలకుడూ ఆ సాహసం చేసి ఉండడు. అయితే ఓడిన పక్షానికి కొత్త ఏర్పాటులో ఏ స్థానం ఇవ్వాలన్నది అప్పుడు సరిగా తేలలేదు. ఉక్రెయిన్ తన గడ్డ మీది అణ్వాయుధాలను అప్పగించినందుకు బదులుగా 1994లో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్‌లు ఇచ్చిన హామీలు 2014లోనూ 2022లోనూ ఏమయ్యాయో చూశాం. శాంతియుత మార్పు అనే తీర్పును కనీసం ముప్పై ఏళ్ళు ఆగి ఇవ్వాలి.

ఎదుగుదల కంటే ప్రమాదకరమైనది, తన అవకాశం జారిపోతోందన్న భయం. 1912 డిసెంబరులో కైజర్ (జర్మన్ చక్రవర్తి) సమక్షంలోని సమావేశంలో సేనాధిపతి మోల్ట్‌కే, యుద్ధం ఎలాగూ తప్పదు గనుక త్వరగా వస్తేనే మంచిదని వాదించాడు. రైలుమార్గాలు, సైనిక సంస్కరణలు పూర్తయ్యాక రష్యాను ఎదుర్కోలేమన్నది ఆయన ఆందోళన. అంటే 1914 నాటి జర్మనీ బ్రిటన్‌కు సవాలుదారు, అదే సమయంలో రష్యాను చూసి వణుకుతున్న దేశం కూడా. 1941లో జపాన్‌దీ అలాంటి గణితమే. చమురులో అత్యధికభాగం అమెరికా నుంచే వచ్చేది. ఆ వేసవిలో అది ఆగిపోగానే, నిల్వలు తరుగుతున్న కొద్దీ ఏడాది తర్వాత కంటే ఇప్పుడే పోరాడటం నయమన్న వాదం టోక్యోలో గెలిచింది. ఆర్థిక దిగ్బంధాన్ని యుద్ధానికి ప్రత్యామ్నాయంగా చూసేవారు ఈ సందర్భాన్ని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు రెండో ప్రశ్న. చైనా 2010లో జపాన్‌ను దాటి రెండో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. అది కోరుతున్నవాటిలో కొన్ని కాలువలాంటివి: అంతర్జాతీయ సంస్థలలో పెద్ద వాటా, తన కరెన్సీకి గౌరవం, ప్రమాణాలు నిర్ణయించే చోట కుర్చీ. వీటిని అమెరికా తేలికగా ఇచ్చి ఉండవచ్చు, కానీ ఆలస్యం చేసింది. ద్రవ్యనిధిలో వాటాల సవరణకు 2010లో ఒప్పుకుని, కాంగ్రెస్ ఆమోదం రాక 2016 వరకు అమలు కానివ్వలేదు. ఈలోగా చైనా తన సొంత ఆసియా మౌలిక వసతుల బ్యాంకును పెట్టుకుంది, బ్రిటన్ సహా అమెరికా మిత్రులు అనేకులు అందులో చేరారు.

కష్టమంతా తైవాన్, పశ్చిమ పసిఫిక్ దగ్గర ఉంది. అమెరికాకు ఆ జలాలు బ్రిటన్‌కు కరీబియన్ లాంటివా, ఉత్తర సముద్రం లాంటివా? దూరాన్ని బట్టి చూస్తే కరీబియన్ లాంటివే. అవి చేజారినా కాలిఫోర్నియాకు ఆకలి రాదు. కానీ జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ దేశాలకు అవి అచ్చంగా ఉత్తర సముద్రమే, ఆ మూడింటితోనూ అమెరికాకు రక్షణ ఒప్పందాలున్నాయి. 1903లో కెనడా కోపాన్ని లండన్ పట్టించుకోకపోయినా చెల్లింది, ఎందుకంటే కెనడాకు సొంత విదేశాంగ విధానం లేదు. నేటి టోక్యోను అలా పక్కకు నెట్టడం కుదరదు; నెడితే జపాన్ తన దారి తాను చూసుకుంటుంది, అందులో అణ్వాయుధాల ఆలోచన కూడా రావచ్చు. మరొక తేడా ఇంకా పెద్దది. బ్రిటన్ అమెరికా పట్ల అంత ఉదారంగా ఉండటానికి దాని గుమ్మం దగ్గర జర్మనీ ఉండటమే ప్రధాన కారణం. చైనా పట్ల ఉదారంగా ఉండమని అమెరికాను తొందరపెట్టే అంతకంటే పెద్ద శత్రువు నేడు లేడు.

అందుకని 1903 నాటి తరహా బేరం కుదురుతుందని నేను అనుకోను. అలాగని యుద్ధం తప్పదనీ అనను. ఇద్దరి దగ్గరా అణ్వాయుధాలున్నాయి. 1914లో ఎవరికీ లేని జంకు నేడు ఇద్దరికీ ఉంది. నాకు ఎక్కువ సంభవంగా తోచేది మార్పు పూర్తికాకుండా సాగిపోయే స్థితి: కొన్ని రంగాలలో చైనాది పైచేయి, కొన్నింటిలో అమెరికాది, తైవాన్ విషయంలో ఎవరూ పూర్తిగా ఒప్పుకోని యథాతథ స్థితి. దీన్ని పరిష్కారం అనలేం కానీ, 1949 నుంచి తైవాన్ జలసంధి ఏదో ఒక రూపంలో ఇలాగే నడుస్తోంది.

ఏమి గమనించాలని మీరు చివర్లో అడిగారు. ఆర్థిక వృద్ధి పట్టికల కంటే మూడు విషయాలను చూడమంటాను. చైనా నాయకత్వం కాలం తమవైపు ఉందనుకుంటోందా, జారిపోతోందనుకుంటోందా అన్నది ఒకటి. మోల్ట్‌కే ధోరణి మాటలు బీజింగ్‌లో గానీ వాషింగ్టన్‌లో గానీ వినిపిస్తే అది ఏ నౌకల సంఖ్య కంటే చెడ్డ సూచన. 2022 అక్టోబరులో మొదలైన చిప్‌ల ఎగుమతి ఆంక్షలు 1941 నాటి చమురులాగా ఎదుటివారికి గత్యంతరం లేకుండా చేస్తున్నాయా అన్నది రెండోది. ఇప్పటికైతే చైనా సొంతంగా తయారుచేసుకునే దారి పట్టింది కాబట్టి ఆ స్థాయికి చేరలేదు. మూడోది సైనికాధికారుల మధ్య మాటామంతీ. 2001 ఏప్రిల్‌లో హైనాన్ దగ్గర చైనా యుద్ధవిమానం, అమెరికా నిఘా విమానం ఢీకొని చైనా పైలట్ మరణించినప్పుడు, 24 మంది అమెరికన్ సిబ్బంది 11 రోజులకు విడుదలయ్యారు. దౌత్యవేత్తలు విచారం తెలిపే లేఖలో మాటలు కుదుర్చుకుని దాన్ని ముగించారు. 2023 ఫిబ్రవరిలో చైనా బెలూన్‌ను అమెరికా కూల్చినప్పుడు రక్షణ మంత్రి ఆస్టిన్ ఫోన్‌లో మాట్లాడాలని కోరితే చైనా నిరాకరించింది. అదే ఏడాది నవంబరులో బైడెన్, షీ జిన్‌పింగ్ కలుసుకున్నాకే ఆ సైనిక సంప్రదింపులను తిరిగి తెరవడానికి ఒప్పుకున్నారు. అవి తర్వాతి సంక్షోభం వచ్చిన రోజున కూడా పనిచేస్తాయా, లేక నిరసన తెలపడానికి ముందుగా తెంచేది వాటినేనా అన్నది ఇంకా పరీక్షకు నిలవలేదు.